సోలలో సగం

మా మామగారు సుందరరామయ్యగారి దృష్టిలో లోకంలో రెండే రకాల చెక్క గిన్నెలున్నాయి. ఒకే దిమ్మెలోంచి తీసినవి ఒక రకం. మిగతావి గిన్నెలే కావు.

ఆయన తణుకు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్లు లేత్ మీద పనిచేశారు. ఇనుమైనా ఇత్తడైనా దిమ్మెను బిగించి, గిర్రున తిప్పి, అక్కర్లేనిదంతా తీసేస్తే మిగిలేదే వస్తువని ఆయన నమ్మకం. అతికించి చేసేది మరమ్మతు అవుతుంది కానీ తయారీ కాదంటారు. రిటైరయ్యాక అత్తయ్యగారితో కలిసి సిడ్నీలో మా దగ్గరికి వచ్చేశారు. అప్పుడు మేం గిరావీన్‌లో అద్దెకుండేవాళ్లం. ఏమీ తోచక ఆయన ఆ ఇంట్లో ప్రతి తలుపు బందుకీ నూనె పోసేవారు. కార్పెట్ మీద నూనె మరకలు పడ్డాయి. తనిఖీకి వచ్చిన ఏజెంటు వాటిని చూసి మొహం చిట్లించాడు. ఇక లాభం లేదనుకుని నేనే ఆయన్ని దగ్గర్లో ఉన్న మెన్స్ షెడ్‌లో చేర్పించాను. ఈ దేశంలో రిటైరైన మగవాళ్లు పోగై, చెక్కపని చేసుకుంటూ, టీ తాగుతూ, ఇంట్లోవాళ్లకి కాస్త ఊపిరాడనిచ్చే చోటు అది.

అక్కడ చెక్క తిప్పే లేత్ చూడగానే ఆయనకి వయసు సగం తగ్గిపోయింది. నెల తిరిగేసరికి మా ఇంట్లో గిన్నెలు పడ్డాయి. పళ్లకొకటి, తాళాలకొకటి, ఏమీ వెయ్యకుండా ఊరికే చూడ్డానికి నాలుగు. అన్నీ ఒకే దిమ్మెలోంచి తీసినవే.

ఆ షెడ్‌లోనే దేవనారాయణ్‌గారు పరిచయమయ్యారు. ఆయన ఫిజీలో పుట్టిన తెలుగువారు. ముత్తాతల కాలంలో చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన కుటుంబం. ఎనభై ఏడులో అక్కడ గొడవలయ్యాక భార్య ప్రేమిలగారితో సిడ్నీ వచ్చి, వంటింటి అలమరాలు చేసే చోట పనిచేశారు. మిగిలిపోయిన చెక్క ముక్కల్ని పారెయ్యడానికి మనసొప్పేది కాదట. వాటిని ఏటవాలుగా కోసి, పన్నెండేసి ముక్కలు జిగురుతో అతికించి గుండ్రటి కట్టు చేస్తారు. కట్టు మీద కట్టు పేర్చి అతికించి, అప్పుడు లేత్ మీద తిప్పుతారు. నలుపు, తెలుపు, ఎరుపు చెక్కలతో ఆ గిన్నెలు చూడముచ్చటగా ఉండేవి.

మా మామగారికి కాదు. ఒక శనివారం ఆయన్ని ఇంటికి తీసుకెళ్దామని నేను వెళ్లేసరికి, దేవనారాయణ్‌గారి పాత గిన్నె ఒకటి ఈయన చేతిలో ఉంది. షెడ్‌లోవాళ్లంతా చుట్టూ చేరారు. మామగారు కళ్లు గట్టిగా మూసుకుని, గిన్నె లోపల వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నారు. ఆరు అతుకులు, ఏడు కట్లు అని తేల్చి కళ్లు తెరిచారు. లెక్క సరిగ్గా సరిపోయింది. అందరూ నవ్వారు.

"కళ్లు మూసుకుని తడిమినా అతుకు తెలిసిపోతోందండీ," అన్నారు మామగారు. "ఇది గిన్నె కాదు, అతుకుల బొంత."

దేవనారాయణ్‌గారు వాళ్ల ఆజీ, అంటే నానమ్మ, దగ్గర నేర్చుకున్న కాస్త తెలుగులో, మిగతా ఇంగ్లీషులో సంజాయిషీ ఇచ్చుకున్నారు. చేసినప్పుడు అద్దంలా నున్నగానే ఉంటుందట. నెలలు గడిచాక ఒక్కో రకం చెక్క ఒక్కోలా పొంగుతుంది, అతుకు దగ్గర వెంట్రుకవాసి మెట్టు లేస్తుంది. ఎన్నిసార్లు ఉప్పుకాగితంతో రుద్దినా మళ్లీ లేస్తుంది. చెప్తూనే గిన్నెని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టేసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కారులో ఆ మాటే అంటే, ఉన్నమాట అంటే ఉలుకెందుకని మామగారు కిటికీలోంచి బయటికి చూశారు.

ఇక మా అత్తయ్యగారు సుగుణమ్మగారి సంగతి చెప్పాలి. ఆవిడతో పాటు ఇండియా నుంచి ఒక ఇత్తడి సోల వచ్చింది. వాళ్లమ్మగారిది. బియ్యం డబ్బాలోనే ఉండేది. ఆవిడ కుక్కర్ వాడరు, అత్తెసరు పెడతారు. సోల బియ్యానికి రెండు స్టీలు గ్లాసుల నీళ్లు, అరసోలకి ఒక గ్లాసు. మా అయిదుగురికీ పూటకి సోలన్నర. కొలిచాక అందులోంచి చిటికెడు బియ్యం తిరిగి డబ్బాలో వేసేవారు. బియ్యం అయిపోయాయి అని ఎవరైనా అంటే, నిండుకున్నాయనాలి అని దిద్దేవారు. నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. కొలతంటే నాకు మిల్లీలీటరు. ఆ సొట్టల సోల నాకెప్పుడూ వేళాకోళంగానే ఉండేది.

కిందటేడు మేం స్కోఫీల్డ్స్‌లో కొత్త ఇంటికి మారాం. మారాక సోల కనపడలేదు. సామాన్లు మోసినవాళ్లు ఎక్కడో పోగొట్టి ఉంటారని మా ఆయన శ్రీకర్ తేల్చేశాడు. అందరూ నమ్మారు. నిజం నాకు తెలుసు. పాత బట్టలు, ఆడి వదిలేసిన బొమ్మలు ఆప్ షాపులో, అంటే దానంగా వచ్చిన సామాను అమ్మే చోట, ఇచ్చేద్దామని నేనే ఒక అట్టపెట్టె కట్టాను. వంటింటి గట్టు మీద కనపడిన పాత సామాను కూడా అందులో పడేశాను. ఆ హడావుడిలో, డబ్బా సర్దడానికి బయట పెట్టిన సోల కూడా వెళ్లిపోయింది. వారం తర్వాత ఆ షాపుకి పరిగెత్తాను, అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. ఇంటికొచ్చి నోరు మెదపలేదు. నా పిరికితనానికి ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

అప్పట్నుంచి అన్నం పాడవడం మొదలైంది. ఒకరోజు పలుకు, ఒకరోజు ముద్ద. మా అమ్మాయి లాస్య కంచంలో మెతుకులు కెలుకుతూ "నానమ్మా, ఇట్స్ క్రంచీ" అంది. అత్తయ్యగారికి కంటి జబ్బు ఉందని మాకు తెలుసు. కంటి వెనక పొర మధ్యలో అరిగిపోయే జబ్బు అది. చుట్టూ ఉన్నది కనపడుతుంది, సూటిగా చూసినది మసకైపోతుంది. ఇంకా తొలి దశే, బాగానే కనపడుతోంది అని ఆవిడ అంటూ వచ్చారు, మేం సరేనంటూ వచ్చాం. నేను కుక్కర్ కప్పు ఇచ్చాను, గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చాను. ఆవిడ రెండూ పుచ్చుకుని, శుభ్రంగా కడిగి అలమరలో పెట్టేశారు.

మూడోసారి అన్నం అడుగంటినప్పుడు, ఇంక అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లకపోతే మంచిదని శ్రీకర్ అన్నాడు. నేను కూడా తలూపాను. అత్తయ్యగారు ఏడవలేదు, వాదించలేదు. చేతులు తుడుచుకుని, "మీ ఇష్టం నాయనా. బియ్యం కొలిచే చెయ్యి ఒకటుండాలి కదా ఇంట్లో, అది నాదని అనుకుంటున్నానింతే," అని తన గదిలోకి వెళ్లిపోయారు.

మామగారు లేచి నిలబడ్డారు. సోల పోవడం వల్లే ఇదంతా అని ఆయన నిర్ణయించేశారు. దీపావళి దాకా గడువివ్వమని కొడుకుని అడిగారు. ఆలోపల అదే కొలతతో తను సోల చేసి ఇస్తానని, అప్పటికీ అన్నం కుదరకపోతే ఆవిడని తనే వంటింట్లోంచి తీసుకొచ్చేస్తానని మాటిచ్చారు. శ్రీకర్ ఒప్పుకున్నాడు.

కొలత ఎలా తెలియాలి? అత్తయ్యగారి పాత స్టీలు డబ్బా గొంతు దాకా సరిగ్గా పది సోలలు పట్టేది. దాన్ని నింపి తూచాం. రెండు కిలోల అయిదువందల అరవై గ్రాములు. పదో వంతు పట్టే గిన్నె కావాలి. ఈ లెక్క నేను చేసిచ్చాను. నేరం చేసినవాళ్లు ఇలాంటి పనులకి ముందుంటారు.

మొదటి సోల కాంఫర్ లారెల్ అనే చెట్టు చెక్కతో చేశారు. దాన్ని కోస్తుంటే కర్పూరం వాసన గుప్పుమంటుంది. మామగారు పరవశించిపోయారు. బియ్యం కొలిచే పాత్రకి ఇంతకంటే పవిత్రమైన చెక్క ఉంటుందా అన్నారు. వారం తిరిగేసరికి డబ్బాలో బియ్యమంతా అదే వాసన. పప్పన్నం తింటుంటే హారతి పళ్లెం నాకినట్టుంది. రెండోది జకరందా. ఎవరి పెరట్లోనో కొట్టేసిన చెట్టు, పచ్చి దిమ్మె. తిప్పిన రోజు చంద్రబింబంలా ఉంది. ఇరవై రోజులకి ఆరి కోడిగుడ్డులా సాగింది, అంచున చీలింది. ఆ చీలికలో బియ్యపు గింజలు ఇరుక్కున్నాయి.

షెడ్‌లో అందరూ ఆ చీలిక చూశారు. దేవనారాయణ్‌గారు మాత్రం దగ్గరికి వచ్చి, ఒకే దిమ్మె అయితే ఆరేటప్పుడు ఒక పక్క ఎక్కువ ముడుచుకుంటుందని, ముక్కలతో చేసిన కట్టు గుండ్రంగానే నిలుస్తుందని నెమ్మదిగా చెప్పారట. మామగారు విననట్టే ఇంకో దిమ్మె వెతుక్కోవడానికి వెళ్లారు.

మూడోది రెడ్ గమ్. ఎనిమిదేళ్లు ఆరిన దుంగ, ముదురు ఎరుపు, ఇనుమంత గట్టి. నెల రోజులు దాని మీదే కూర్చున్నారు. రోజూ కాలిపర్స్‌తో కొలిచేవారు, ఇసుమంత కూడా కదల్లేదు. ఏ వాసనా లేదు. అత్తయ్యగారి చేతిలో పెడితే ఆవిడ అంచు చుట్టూ బొటనవేలు తిప్పి, "అచ్చం అమ్మ సోలలాగే ఉంది," అన్నారు. మామగారు ఆ రోజంతా ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగారు.

మర్నాడు అన్నం మళ్లీ ముద్దయింది.

దీపావళికి ఇంక పదిహేను రోజులుంది. ఆ సాయంత్రం నేను గిన్నెలు సర్దుతున్నాను. మామగారు సోలని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నారు. చివరికి ఆవిడ దగ్గరికి వెళ్లి, తప్పెక్కడుందో చెప్పమని బతిమాలారు. ఆయనకి ఇంకో బాధ కూడా ఉండేది. అది నాతో ఒకసారి చెప్పుకున్నారు. కొత్త ఇంటికి వచ్చాక మీ అత్తయ్య నాతో మొహం ఇచ్చి మాట్లాడ్డం లేదు, ఏం మాట్లాడినా పక్కకి తిరిగే మాట్లాడుతోంది, నేనేం చేశానో తెలియదు అని. ఇప్పుడు కూడా ఆవిడ మొహం పక్కకే తిప్పి ఉంది.

"సోల బాగానే చేసేరండి," అన్నారు అత్తయ్యగారు. "నిండా పోసి చేత్తో అదిమితే సరిపోతోంది. సగమే... సగం ఎక్కడికొచ్చిందో నాకు కనపడట్లేదు."

మామగారికి అర్థం కాలేదు. డాక్టరు తొలి దశ అన్నాడు కదా అన్నారు.

"అది రెండేళ్ల కిందటి మాట. చెప్తే పొయ్యి దగ్గర్నుంచి లేపేస్తారని చెప్పలేదు. సూటిగా చూస్తే మీ మొహం కూడా కనపడదండి నాకు. కాస్త పక్కకి తిరిగితే కంటి చివర్లో కనపడతారు. అందుకే అలా తిరిగి మాట్లాడుతున్నాను."

మామగారు ఆవిడ పక్కన కూలబడ్డారు. ముప్ఫై నాలుగేళ్లు వెంట్రుకవాసి తేడాలు పట్టుకున్న మనిషి, పక్కనున్న మనిషి కళ్లు పట్టుకోలేకపోయానని ఆ రాత్రి శ్రీకర్‌తో అన్నారు. నేను వంటింట్లో నిలబడి, కొళాయి కట్టేయడం మర్చిపోయి ఏడ్చాను.

మర్నాడు ఆయన సోల లోపల సగానికి గీత చెక్కారు. బియ్యపు గింజ అందులో దూరి, వేలికి గీత బదులు గింజే తగిలింది. పోనీ అరసోల ఒకటి, గిద్ద ఒకటి విడిగా చేస్తానన్నారు. అన్నీ ఒకే డబ్బాలో పడుంటే ఏది ఏదో మళ్లీ తడుముకోవాలి, ఒకటే చాలు అన్నారు అత్తయ్యగారు. మామగారు చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నారు. కళ్లు మూసుకుని, గాలిలో చూపుడువేలు పైనుంచి కిందికి జరుపుతున్నారు. తర్వాత లేచి చెప్పులేసుకుని, నన్ను షెడ్‌కి తీసుకెళ్లమన్నారు.

దేవనారాయణ్‌గారు ఏవో ముక్కలకి జిగురు రాస్తున్నారు. మామగారు వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడ్డారు. ఫ్యాక్టరీలో మేనేజరు ముందు కూడా అలా నిలబడి ఉండరు.

"దేవ్‌గారూ, ఆ రోజు అందరి ముందూ మీ గిన్నెలో అతుకులు లెక్కపెట్టాను. తప్పు చేశాను. అలా కళ్లు మూసుకున్నా తెలిసే గిన్నె ఇప్పుడు నాకు కావాలండి. మా ఆవిడకి. నేర్పిస్తారా?"

తర్వాత సంగతంతా వివరంగా చెప్పారు. నాలుగు గిద్దలైతే సోల. నాలుగు కట్లు పేరిస్తే ఒక్కో కట్టూ ఒక గిద్ద. రెండో కట్టు అంచు దగ్గర సగం. దేవనారాయణ్‌గారు తలొంచుకుని విన్నారు.

"సోలా నాకు తెలుసు," అన్నారు ఆయన. "మా ఆజీ పాలడబ్బాతో చావల్ కొలుస్తది. దానికి సోలా అంటది." బల్ల మీదున్న ఉప్పుకాగితాన్ని తీసి సొరుగులో పెట్టేశారు. "దీనికి ఇది వద్దు."

పది రోజులు ఇద్దరూ కలిసి చేశారు. నేను తీసుకెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. మా మామగారు బుద్ధిమంతుడైన విద్యార్థిలా రంపం ముందు కూర్చుని, ముక్క కోణం ఇసుమంత తప్పినా తీసి పక్కన పడేసేవారు. పన్నెండు ముక్కలు కలిస్తే వెలుతురు దూరే సందు ఉండకూడదు. నలభై ఎనిమిది ముక్కలు, నాలుగు కట్లు. అడుగున ముదురు రెడ్ గమ్, దాని మీద తెల్లటి హూప్ పైన్, మళ్లీ ఎరుపు, మళ్లీ తెలుపు. మూడో సోల చేయగా మిగిలిన దుంగే ఎరుపు కట్లకి సరిపోయింది. రంగుల తేడా కంటి చివరికి కూడా అందుతుందని దేవనారాయణ్‌గారి ఆలోచన. లోపల తిప్పేటప్పుడు తెల్ల కట్లని వెంట్రుకవాసి ఎక్కువ చెక్కారు. గింజ నిలవనంత సన్నగా, వేలు గుర్తుపట్టేంత లోతుగా మెట్టు వచ్చింది. షెడ్ పోటీల్లో పెడితే దానికి ఆఖరి స్థానం కూడా రాదని దేవనారాయణ్‌గారు మురిసిపోతూ చెప్పారు.

దీపావళి ముందు ఆదివారం ఆయన్నీ ప్రేమిలగారినీ భోజనానికి పిలిచాం. ఏడుగురం. అత్తయ్యగారు ఉదయం పదిన్నరకి డబ్బా మూత తీశారు. శ్రీకర్, నేను, మామగారు ముగ్గురం వంటింట్లో ఏదో పనున్నట్టు నిలబడ్డాం. ఆవిడ రెండు సోలలు నిండుగా కొలిచి గిన్నెలో పోశారు. మూడోసారి సోలలో చూపుడువేలు నిలువుగా పెట్టుకుని, బియ్యం ఎక్కడికొచ్చిందో వేలితో చూసుకుంటూ పోశారు. ఒక కట్టు. రెండు. ఆగారు. చిటికెడు తీసి డబ్బాలో వేశారు. అయిదు గ్లాసుల నీళ్లు పోశారు.

అన్నం పువ్వులా విచ్చుకుంది. ప్రేమిలగారు మారు వడ్డించుకున్నారు. దేవనారాయణ్‌గారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ తిన్నంతసేపూ గట్టు మీదున్న సోల వైపే చూశారు. శ్రీకర్ వాళ్లమ్మ పక్కన కూర్చుని, దీపావళి గడువు మాట ఎత్తకుండా, ఇంకాస్త అన్నం పెట్టమని కంచం చాపాడు. అత్తయ్యగారు మామగారికి వడ్డిస్తూ, పక్కకి తిరిగి ఆయన మొహం చూశారు. ఆయన కూడా కొంచెం ఆ పక్కకి జరిగి, ఆవిడ కంటి చివరికి అందేలా కూర్చున్నారు.

అతిథులు వెళ్లిపోయాక గిన్నెలు తోముతూ నేనిక ఆగలేకపోయాను. ఆ ఇత్తడి సోలని సామాన్లవాళ్లు పోగొట్టలేదని, ఆప్ షాపు పెట్టెలో నేనే వేశానని అత్తయ్యగారికి చెప్పేశాను.

"తెలుసమ్మా," అన్నారు అత్తయ్యగారు. "ఆ పెట్టె నువ్వు కడుతుంటే గట్టు ఖాళీ అయింది. వారం తర్వాత వట్టి చేతుల్తో వచ్చి నా మొహం చూళ్లేక తిరిగేవు. చూపు తగ్గిందని నేను దాచుకున్నాను, సోల ఇచ్చేశానని నువ్వు దాచుకున్నావు. అది ఉన్నా ఇప్పుడు అందులో సగం నాకు తెలిసేది కాదు. ఊరుకో."

నేను ఊరుకోలేదు. ఆవిడ భుజం మీద తల పెట్టి బాగా ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, చేతులు తుడుచుకోమని చెప్పి, డబ్బా మూత తీశారు.

"రేపటి బియ్యం నువ్వు కొలువు. కళ్లు మూసుకో."

మూసుకున్నాను. నా వేలు పట్టుకుని సోలలో పెట్టారు. పైనుంచి ఆవిడ పోస్తున్న బియ్యం చల్లగా జారుతున్నాయి. వేలికి మొదటి మెట్టు తగిలింది, అది మునిగింది. తర్వాత రెండోది.

"ఎన్నయ్యేయి?" అన్నారు.

"రెండు అత్తయ్యగారూ."

"అదే సగం," అని ఆవిడ చెయ్యి ఆపారు.